ఎవరి ఆకలి

మాచర్ల,
జూన్ ఆఖరు, 1944.

అన్నయ్యకు జాన్‌బీ సలాములు.

నరసరావుపేట నుంచి నువ్వు రాసిన కార్డులన్నీ అందాయి. జవాబు రాయలేదని కోపం పెట్టుకోకు. ఎండలు ముదిరే రోజుల్లో నాకు విషజ్వరం వచ్చింది. ఒంటిమీద తెలివి లేకుండా పడి ఉన్నానట. ఎన్నాళ్లో నాకు తెలియదు. ఆయన దూదేకే విల్లు గోడకు తగిలించి, పరుపుల పని మానుకుని నా మంచం పట్టె మీదే కూర్చున్నాడట. ఇప్పుడు లేచి తిరుగుతున్నాను. జుట్టు ఊడుతోంది, అంతే.

పిల్ల సంగతి అడిగావు. నువ్వింకా చూడనే లేదు దాన్ని. ఆకలైతే మాత్రం ఆగదు. ఏ పనిలో ఉన్నా నేను లేవాల్సిందే.

నీకు ఒక మాట చెప్పాలి. నవ్వకు. జ్వరం నుంచి లేచాక నాకు అదొక రకంగా ఉంటోంది. మొన్న పొయ్యి దగ్గర కూర్చుని ఉంటే కుడి బొటనవేలు చర్రున మండింది. చూసుకుంటే గాటు లేదు, రక్తం లేదు. ఎందుకో లేచి పసుపు నూరి పెట్టాను. కాసేపటికి ఆయన వేలికి గుడ్డ చుట్టుకుని వచ్చాడు. విల్లు తంతి తెగి కోసిందట. నా చేతిలో పసుపు చూసి, “నీకెట్టా తెలుసే?” అన్నాడు. ఏం చెప్పను?

అప్పటి నుంచీ నా లోపల తలుపుల్లేని ఇల్లులా ఉంది. ఎవరెవరో చెప్పులైనా విడవకుండా వచ్చి పోతుంటారు. ఎదురింటామె పంటిపోటు వస్తుంది. దారిన పోయే వాళ్ల అలసట వస్తుంది. వచ్చినవి ఎవరివో కూడా తెలుస్తూనే ఉంటుంది.

అన్నయ్యా, నీ నడుముకు కుడిపక్క ఏమయింది?

నీ చెల్లెలు
జాన్‌బీ


నరసరావుపేట,
జూలై, 1944.

చెల్లెలు జాన్‌బీకి మౌలాలీ దీవెనలు.

ఉత్తరం చూసి ప్రాణం లేచొచ్చింది. ఇంత జ్వరం వస్తే మీ ఆయన జహంగీర్ ఒక కార్డు రాయించలేకపోయాడా? పోనీలే, గండం గడిచింది.

నువ్వు రాసిన వింతల గురించి. విషజ్వరం నరాలను పిండేస్తుంది. జుట్టు ఎలా ఊడుతుందో, మనసులో పట్టు కూడా అలాగే కొన్నాళ్లు ఊడుతుంది. తంతి తెగిన చప్పుడు నువ్వు వినే ఉంటావు, విన్నట్లు గుర్తు లేదు, అంతే. మనిషి తెలివి అనేది దీపంలాంటిదమ్మా. ఎవరి ప్రమిదలో వాళ్లకే. పక్కింటి దీపం మన చమురుతో వెలగదు. నేను పిల్లలకు బళ్లో చెప్పేది ఇదే. నీకూ ఇదే చెబుతున్నాను.

రోజూ గుడ్డు తిను. ఈ సంగతి ఇరుగుపొరుగులో చెప్పకు. చెబితే తాయెత్తులు కట్టేవాళ్ల దగ్గరికి ఈడుస్తారు.

నా నడుముకు ఏమీ కాలేదు. శుభ్రంగా ఉన్నాను. పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిపే ఈ బస్సుల్లో కుదుపులు పడలేక రావడం లేదు గానీ, లేకపోతే ఈపాటికి మేనకోడలిని ఎత్తుకునే ఉండేవాణ్ని. దానికి పళ్లు వస్తున్నాయా? ఎవరి పోలిక? పేరు కూడా నువ్వు రాయలేదు.

మౌలాలీ


మాచర్ల,
జూలై, 1944.

అన్నయ్యకు,

నీకు ఏమీ లేదంటే నాకూ సంతోషమే. కానీ మధ్యాహ్నం పూట నా నోటికి ఉప్పు లేని ఉలవల నీళ్ల రుచి వస్తోంది. మా ఇంట్లో ఉలవలు లేవు. అది తాగాక కుడిపక్క డొక్కలో ఎవరో బొంతసూదితో కుట్టినట్లుంటుంది. ఆ తర్వాత మనిషి ముడుచుకుని కూర్చుంటాడు. ముడుచుకునేది నేను, కూర్చునేది నువ్వు. నాకు అబద్ధం ఎందుకు రాశావు?

మా వీధి చివర శివరామయ్య తాత పోయాడు. ఆ సంగతి రాస్తాను, విను. ఆయనకు పక్షవాతం వచ్చి మాటా పలుకూ లేకుండా పడిపోయాడు. పరుపు ఇచ్చి రమ్మని మా ఆయన పంపితే వెళ్లాను. మంచం చుట్టూ కొడుకులు నిలబడి, ఏ చేను ఎవరికని గట్టిగా మాట్లాడుకుంటున్నారు. గుమ్మంలో అడుగు పెట్టానో లేదో, నా గొంతు ఎండిపోయింది. వాళ్ల మాటలే నాకు ఇంకోవైపు నుంచి వినబడుతున్నాయి, బావి అడుగున కూర్చుని పైవాళ్ల మాటలు విన్నట్లు.

నేను ఉండబట్టలేక అన్నాను. “తాతకు దాహంగా ఉంది. మీరనేవన్నీ వినపడుతున్నయ్.”

పెద్దకోడలు నా మీదికి లేచింది. “ఏందే నువ్వు చెప్పేది? మనిషి పోయినట్టే, కొన ఊపిరే గదా మిగిలింది!”

నేను గుడ్డ తడిపి పెదవుల మీద పిండాను. ఆయన గుటక వేశాడు. కంటి కొసన నీళ్లు కారాయి. కొడుకులు ఒక్కొక్కరూ బయటికి వెళ్లిపోయారు.

మర్నాడు పోయాడు. నేను అప్పుడు బావి దగ్గర ఉన్నాను. ఊపిరి ఆగడం తెలిసింది. దాహం మాత్రం ఆగలేదు. కొంచెంసేపు అక్కడే నిలబడి, తర్వాత ఎటో నడిచి వెళ్లినట్లు మెల్లగా దూరమయింది. దీపం అన్నావే, దీపం అలా పోతుందా?

ఇప్పుడు వీధిలో నన్ను చూస్తే తలుపులు వేసుకుంటున్నారు. “మనసులో ఏదనుకున్నా దానికి తెలిసిపోద్ది” అంటున్నారట. ఆయన కూడా నా కళ్లలోకి చూసి మాట్లాడడం మానేశాడు.

పిల్ల ఉంది కాబట్టి సరిపోయింది. అదొక్కటే నా దగ్గరికి భయపడకుండా వస్తోంది.

జాన్‌బీ


నరసరావుపేట,
ఆగస్టు, 1944.

జానూ,

ఉలవల నీళ్ల సంగతి ఈ ఊళ్లో ఎవరికీ తెలియదు. నేనే కాచుకుని, నేనే తాగుతున్నాను.

నిజం రాస్తున్నాను. మూత్రపిండంలో రాయి ఉంది. గుంటూరు డాక్టరు చూసి కోయాలన్నాడు. క్లోరోఫారం ఇచ్చి తెలివి తప్పించి కోస్తారట. వచ్చే వారం చేరుతున్నాను. నువ్వు జ్వరం నుంచి అప్పుడే లేచావని, చంటిపిల్లతో ఉన్నావని దాచాను.

నాకు కత్తి అంటే అంత భయం లేదు. తెలివి తప్పడం అంటేనే భయం. ఇన్నాళ్లూ ఎవరి దీపం వాళ్లదని చెప్పినవాణ్ని. ఆ దీపం ఆర్పి మళ్లీ వెలిగిస్తామంటున్నారు. మధ్యలో నేనెక్కడుంటాను? డాక్టరును అడిగితే నవ్వి, “ఎక్కడా ఉండవు” అన్నాడు. నిరుడైతే ఆ జవాబు నాకు సరిపోయేది.

ఒక్క మాట వినాలి నువ్వు. ఆ రోజు నా గురించి తలచుకోకు. పిల్లను ఒళ్లో వేసుకుని దాన్నే చూస్తూ కూర్చో. నా నొప్పి నీ దగ్గరికి రాకూడదు.

అన్న
మౌలాలీ


గుంటూరు ఆసుపత్రి,
ఆగస్టు, 1944.

చెల్లెలు జాన్‌బీకి,

రాయి తీశారు. బతికాను. పడుకునే రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే ఏమనుకోకు.

నేను ఎక్కడా లేకుండా పోలేదు. మీ ఇంట్లో ఉన్నాను.

ముక్కు మీద గుడ్డ వేసి అంకెలు లెక్కపెట్టమన్నారు. తీపి వాసన వచ్చింది. ఆ తర్వాత నా ముందు రెండు చేతులు కనిపించాయి. వాటికి ఆకుపచ్చ గాజులు. ఒక గాజు పగిలి, దారం చుట్టి ఉంది. పక్కన ఏకిన దూది కుప్ప. పైకప్పు సందులోంచి ఎండ పడి, దూది రేణువులు అందులో లేస్తున్నాయి. నేను చేతులు ఎత్తితే ఆ చేతులు లేచాయి. బరువుగా ఉన్నాయి. రవిక తడిసి ఉంది. అది పాలని నాకు తెలిసింది. మగవాణ్ని, చెల్లెలికి ఇలా రాయకూడదు. కానీ ఎలా తెలిసిందో అలా రాస్తున్నాను.

మేనకోడలిని ఎలాగైనా చూడాలని లేచాను. దూలానికి ఉయ్యాల లేదు. ఉయ్యాల తాడు రాసుకుని నున్నబడిన చోటు మాత్రం ఉంది. మంచం మీద లేదు. పెరట్లో లేదు. ఒక్క చంటి గుడ్డ కూడా ఎక్కడా ఆరేసి లేదు. జహంగీర్ లోపలికి వచ్చాడు. నన్ను చూసి, అంటే నిన్ను చూసి, తలుపు పట్టుకుని నిలబడ్డాడు. నేను అడిగాను. “పిల్లేది?”

అతను అక్కడే కూలబడ్డాడు. “ఇంకెన్నాళ్లే ఇట్టా? నన్ను గూడా చంపుతావా?” అన్నాడు.

అప్పుడు ఎవరో నా చెంప మీద కొట్టారు. కళ్లు తెరిస్తే డాక్టరు.

క్లోరోఫారంలో అందరికీ కలలు వస్తాయని ఇక్కడి నర్సు చెబుతోంది. నేను ఒప్పుకుంటాను. నువ్వొక్క మాట రాయి చాలు. పిల్ల బాగుందని రాయి.

మౌలాలీ


మాచర్ల,
సెప్టెంబరు, 1944.

అన్నయ్యా,

రాయను. ఆ మాట రాయను.

నేను జ్వరంలో పడిన రోజుల్లోనే దానికీ వచ్చింది. నాకు తెలివి వచ్చేసరికి ఉయ్యాల విప్పేసి ఉంది. ఇరుగుపొరుగు వాళ్లు కడిగి, కఫను గుడ్డ చుడితే, ఆయన రెండు చేతుల మీద చంద్రవంక వాగు ఒడ్డుకు మోసుకుపోయి మట్టి చేశాడట. నేను అదే గదిలో, అదే మంచం మీద పడి ఉన్నాను. చూడలేదు, వినలేదు. శివరామయ్య తాతకు వినపడింది, నాకు వినపడలేదు. నేనెక్కడికి పోయాను అప్పుడు? నువ్వు మీ డాక్టరును అడిగావు. నేను ఎవరిని అడగాలి?

లేచిన రోజు సాయంత్రం దాని ఆకలి వచ్చింది. పొట్టలో ఆకలి కాదు. చెంపలు లాగేసినట్లు, నాలుక వెతుకుతున్నట్లు. పాలు పొంగాయి. మా మంత్రసాని ముసలమ్మ, “బిడ్డ లేని తల్లికి ఇన్నాళ్లు పాలుండవే, ఎండిపోతయ్” అంది. ఎండలేదు. పూటపూటకూ అది వచ్చేది. నేను రవిక విప్పుకుని ఖాళీ ఒడి పట్టుకుని కూర్చునేదాన్ని. ఆయన చూడలేక బయటికి వెళ్లేవాడు. “మీ అన్నకు రాసినావా?” అని అడిగితే రాశానన్నాను.

నీకు నేను అబద్ధం రాయలేదు. మళ్లీ చదువుకో. ఆకలైతే ఆగదని రాశాను. నా దగ్గరికి వస్తోందని రాశాను. ఆరామడల దూరంలో ఉన్న నీ రాయి నిజమయితే, నా ఒళ్లో ఉన్న దాని ఆకలి అబద్ధం ఎలా అవుతుంది? చెప్పు, పంతులుగారూ.

నువ్వొచ్చిన పూట నాకు గుర్తు లేదు. దూది సర్దుతున్నాను, అంతవరకే. మళ్లీ చూస్తే ఎండ గోడెక్కింది, ఆయన నేల మీద కూర్చుని ఏడుస్తున్నాడు. ఆ సాయంత్రం దాని ఆకలి రాలేదు. మర్నాడూ రాలేదు. ఎవరి నొప్పీ రావడం లేదు. ఎదురింటామె పన్ను పీకించుకుంటే అరుపు విని తెలుసుకున్నాను. నా ఇంటికి తలుపులు పడ్డాయి. అది బయట ఉండిపోయింది.

పిల్లేదని నువ్వెందుకు అడిగావు? అడక్కపోతే ఉండేదేమో.

జాన్‌బీ


నరసరావుపేట,
సెప్టెంబరు, 1944.

చెల్లెలికి,

నిన్ను ఓదార్చే మాటలు రాద్దామని నాలుగు కాగితాలు పాడు చేశాను. అవేవీ పంపడం లేదు. పంపవలసిన మాట ఒకటి ఉంది. అది రాస్తే నాకు పిచ్చి పట్టిందనుకుంటావేమోనని ఇన్నాళ్లు తటపటాయించాను. నువ్వనుకోవు.

పిల్ల బయట ఉండిపోలేదు. నా దగ్గర ఉంది.

ఆసుపత్రిలో కళ్లు తెరిచిన సాయంత్రమే మొదలయింది. గంజి తాగించారు, కడుపు నిండింది, ఆకలి పోలేదు. నువ్వు రాసినట్లే, చెంపల్లో, నాలుకలో. బళ్లో చేరాక కూడా అంతే. నల్లబల్ల మీద లెక్క రాస్తూ రాస్తూ ఆగిపోతాను. నా ఎడమచెయ్యి దానంతట అదే లేచి ఎడమచెవి పట్టుకుంటుంది. పిల్లలు నవ్వుతారు. పాలు కాచి తాగాను. తేనె నాకాను. ఏదీ చేరవలసిన చోటికి చేరదు.

జానూ, నేను పెళ్లాం లేనివాణ్ని, ఎన్నడూ ఒక పసిపిల్లను నిద్రపుచ్చినవాణ్ని కాదు. ఈ ఆకలికి నా దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు. మొదట భయమేసింది. చీకటి పడుతుంటే ఇంట్లో ఉండలేక బజారులో తిరిగేవాణ్ని. ఇప్పుడు భయం తగ్గి జాలి పట్టుకుంది. తప్పిపోయిన పిల్ల తెలియని వాళ్ల ఇంటి ముందు నిలబడినట్లుంది. అడగడం తెలియదు, పోవడం తెలియదు.

దీపం గురించి నేను చెప్పినదాని మీద నాకిప్పుడు నమ్మకం లేదు. బదులు ఏం చెప్పాలో కూడా తెలియదు. ఒక్కటి మాత్రం తోస్తోంది. దాన్ని పంపించలేదు మనం. నువ్వు చూడలేదు కాబట్టి పంపలేదు. దాని పేర చదివించవలసిన ఫాతెహా కూడా జహంగీర్ నీ కోసం ఆపి ఉంటాడు. ఈ ఉత్తరం అతనికి చదివి వినిపించు. ఇద్దరూ కలిసి దాని మట్టి దగ్గరికి వెళ్లండి. కుట్లు ఆరి ఉంటే నేనూ వచ్చేవాణ్ని.

నన్ను తిట్టాలంటే తిట్టు. కానీ వెళ్లు. దానికి ఆకలిగా ఉంది.

మౌలాలీ


నరసరావుపేట,
అక్టోబరు, 1944.

జానూ,

నీ జవాబు రాకముందే రాస్తున్నాను. శుక్రవారం మధ్యాహ్నం మీరేం చేశారు?

పిల్లల చేత ఎక్కం చెప్పిస్తున్నాను. ఆకలి వచ్చే వేళయింది, వచ్చింది. ఎప్పటిలాగే చెయ్యి చెవి మీదికి పోయింది. ఉన్నట్టుండి నోరంతా వెచ్చబడింది. గొంతులోంచి ఆ వెచ్చదనం దిగుతూ పోయింది. ఇన్ని వారాలుగా బిగుసుకుని ఉన్నదేదో వదిలింది. చెయ్యి దానంతట అదే చెవి వదిలి ఒళ్లో పడింది. కుర్చీలో అలాగే నిద్రపోయానట. లేచేసరికి పిల్లలు బిక్కమొహాలు వేసుకుని చూస్తున్నారు. ఒకమ్మాయి చెప్పింది, “పంతులుగారండీ, మీరు నిద్దట్లో నవ్వినారు. చంటోళ్లు నవ్వినట్టు.”

ఆ తర్వాత రాలేదు. ఆ సాయంత్రం, మర్నాడు, ఇవాళ.

సంతోషించాలి నేను. కానీ పొద్దు వాలుతుంటే అరుగు మీద కూర్చుని ఎదురు చూస్తున్నాను. ఎవరి కోసమో నీకు తెలుసు. నేను దాన్ని ఎన్నడూ చూడలేదు. నాతో ఉన్నన్నాళ్లూ దాని ఆకలి తప్ప మొహం తెలియలేదు.

ఎలా ఉండేదో రాస్తావా?

మౌలాలీ


మాచర్ల,
అక్టోబరు, 1944.

అన్నయ్యకు జాన్‌బీ సలాములు.

నీ కిందటి ఉత్తరం ఆయనకు చదివి వినిపించాను. చెవి సంగతి దగ్గర ఆగిపోయాను. ఆయన లాక్కుని, చదవడం రాకపోయినా ఆ వరుస మీద వేలు పెట్టి చూశాడు. అది ఆకలైనప్పుడు ఎడమచెవి పట్టుకునేది. నేను ఎవరికీ చెప్పలేదు. నాకూ ఆయనకూ తప్ప తెలియదు.

“పద” అన్నాడు.

శుక్రవారం నమాజు అయ్యాక వెళ్లాం. చంద్రవంక ఒడ్డున కబరస్తాను. నేను చూడడం అదే మొదలు. ఎంత చిన్నదో అన్నయ్యా, ఆ మట్టి. నా చాప పరిస్తే కప్పేయవచ్చు. ఫాతెహా చదివించాం. బెల్లం పాయసం పంచాం. నేను ఏడుస్తాననుకున్నాను, ఏడవలేదు. పాలు మాత్రం పొంగి పైట తడిసింది. అప్పటికి చానా రోజులయింది అలా పొంగి.

తిరిగి వస్తుంటే మా వీధిలో రాఘవయ్యగారి ఇంట్లోంచి పసిబిడ్డ ఏడుపు. వాళ్ల కోడలు ధనలక్ష్మి కాన్పయి, మంచం పట్టింది. పాలు లేవు. మేకపాలు పోస్తే బిడ్డ కక్కేస్తోందట. ఏడుపులో జీవం లేదు. నా కాళ్లు ఆగిపోయాయి. ఆయన నా చెయ్యి వదిలేశాడు.

గుమ్మంలో నన్ను చూసి ముసలామె అడ్డం నిలబడింది. “ఏమే, నువ్వా? ఇక్కడెవరన్నా పోబోతున్నారని చెప్పనీకొచ్చినావా?”

“లేదమ్మా. నాకేమీ తెలియట్లేదిప్పుడు. బిడ్డ ఏడుపు చెవిన పడి వచ్చినా. నాకు పాలున్నయ్.”

“దూదేకులోళ్ల పాలా, మా ఇంట్లో?”

లోపల మంచం మీద నుంచి ధనలక్ష్మి లేవలేక లేచింది. “అత్తా, పక్కకు జరుగు. పాలకు కులమేంది? నా బిడ్డ పోతే నువ్వు తెచ్చిస్తవా?” అంది. నా వైపు చేతులు చాపి, “అక్కా, రా” అంది.

మొగపిల్లవాడు. పిట్టంత ఉన్నాడు. మొదట నోరు తెరవలేదు. తర్వాత పట్టుకున్నాడు. వాడి గుటక చప్పుడు విని ముసలామె గోడకు ఆనుకుని ఏడ్చింది. అన్నయ్యా, వాడి ఆకలి నాకు తెలియలేదు. గుటక వినబడితేనే తెలిసింది. దాంతో ఎవరి ఆకలి తీరిందో, ఎక్కడ తీరిందో, నీ ఉత్తరం వచ్చాకే తెలిసింది. మూడుసార్లు చదివించుకున్నాడు ఆయన, నువ్వు నిద్రలో నవ్విన సంగతి.

ఇప్పుడు రోజూ వెళ్తున్నాను. మన వాళ్లలో పాలిచ్చినామె తల్లే గదా. ధనలక్ష్మి కూడా అలాగే అంటోంది. వీధిలో తలుపులు ఒక్కొక్కటీ తెరుస్తున్నారు. నాలో మాత్రం మూసే ఉన్నాయి. నీ కుట్లు మానాయో లేదో నువ్వు రాస్తే తప్ప నాకు తెలిసే దారి లేదు. అందుకని ఇకమీదట నిజమే రాయి. నేనూ నిజమే రాస్తాను.

ఎలా ఉండేదని అడిగావు.

చామనచాయగా ఉండేది. నుదురు అమ్మది. కళ్లు ఆయనవి, పెద్దవి. నెత్తి మీద జుట్టు ఒక్కచోటే నిలబడేది, నూనె రాసినా అణిగేది కాదు. విల్లు మోత వింటే ఏడుపు ఆపి వినేది. మోత ఆగితే మళ్లీ మొదలుపెట్టేది. అందుకని ఆయన పని లేకపోయినా విల్లు మీటేవాడు. దూది గాలికి లేస్తే పట్టుకోబోయి పిడికిలి మూసేది, తెరిచి చూసేది, ఏమీ ఉండేది కాదు. ఆశ్చర్యపోయేది. నీ ఉత్తరం చదువుతుంటే కాగితం లాక్కునేది.

పేరు ఖైరున్నీసా. మేము ఖైరూ అనేవాళ్లం. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడం అప్పుడప్పుడే నేర్చుకుంది.

నీ చెల్లెలు
జాన్‌బీ